బార్‌బెల్ కింది నొప్పి, ఉద్దానపు జాగ్రత్త

మెడ కింద, వీపు పైభాగాన బార్‌బెల్‌ను మోస్తూ తుంటినీ మోకాళ్లనూ మడిచి కిందికి కూర్చుని తిరిగి లేచే వ్యాయామాన్ని స్క్వాట్ అంటారు. తొడలు, పిరుదులు, నడుము ఒకేసారి పనిచేసే ఈ సాధనలో మోకాలి ముందుభాగానో, గజ్జల్లోనో, నడుములోనో నొప్పి పుట్టడం, కొంత లోతుకు దిగేసరికి కీళ్లు బిగుసుకుని ఇక వంగకపోవడం తరచుగా ఎదురయ్యేవే. ఏ ఊరి వ్యాయామశాలలోనైనా వీటికి పరిష్కారం బరువులోనో, నిలబడే తీరులోనో, బూట్లలోనో వెతుకుతారు. అది కుదరనప్పుడు చాలామంది ఒక నొప్పి మాత్ర వేసుకుని సాధన కొనసాగిస్తారు. శ్రీకాకుళం జిల్లాలో వజ్రపుకొత్తూరు నుంచి ఇచ్ఛాపురం వరకు సముద్రం వెంట సాగే ఉద్దానంలో ఈ చివరి మార్గం మూసుకుపోయిందనే భావించాలి. దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి పీడిస్తున్న ఈ నేలలో స్క్వాట్ నొప్పిని గురించిన ఆలోచన మోకాలి దగ్గర ఆగిపోవడానికి వీల్లేదు.

బలసాధన ఈ ప్రాంతానికి కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో మల్లయోధుడిగా, సర్కసు నిర్వాహకుడిగా దేశమంతటా పేరు పొందారు; దండీలు, బస్కీలతో శరీరాన్ని మలచుకునే తాలింఖానాల సంప్రదాయానికి ఉత్తరాంధ్రలో ఆయన పేరే గుర్తుగా నిలిచింది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న వద్ద తొలి శిక్షణ పొందిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో, 69 కిలోల విభాగంలో, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ఒలింపిక్ పోటీలో స్క్వాట్‌కు ప్రత్యేక స్థానం లేకపోయినా, బరువును నేల నుంచి ఒకే ఊపులో తలపైకి తీసుకుపోయే స్నాచ్‌లో క్రీడాకారిణి సాధారణంగా పూర్తిగా కూర్చుని బార్‌ను చేతులు చాచి పట్టుకుని, ఆ లోతు నుంచే లేవాలి. కాబట్టి ఆ పతకం వెనుక చీలమండల, తుంటి, భుజాల వంగుడు కూడా కండబలంతో సమానంగా ఉన్నదని చెప్పడం అతిశయోక్తి కాదు.

వంగుడు విషయంలో ఉద్దానం వాసులకు పుట్టుకతో కొరత లేదు. పలాస, కాశీబుగ్గల జీడి పరిశ్రమలో గింజలు ఒలిచి పొట్టు తీసే స్త్రీలు, నువ్వలరేవు, మంచినీళ్లపేట ఒడ్డున వలలు బాగుచేసుకునే మత్స్యకారులు, కొబ్బరి, జీడి తోటల్లో కలుపు తీసే కూలీలు రోజులో చాలాసేపు నేలమీద చతికిలబడో, గొంతుక్కూర్చునో పనిచేస్తారు. మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోవడం అలవాటైన జనాల్లో, ముంగాలి ఎముక దిగువ అంచు దాని కింది ఎముకకు పదే పదే తగలడం వల్ల చీలమండ దగ్గర చిన్న నునుపు తలాలు ఏర్పడతాయని శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులు పందొమ్మిదో శతాబ్దం చివరనే గుర్తించారు. లాహోరు వైద్య కళాశాలలో పనిచేసిన హావెలాక్ చార్లెస్ 1890లలో పంజాబీల కాలి ఎముకలను ఈ దృష్టితో వర్ణించగా, ఇందర్‌బీర్ సింగ్ 1959లో భారతీయుల ఎముకల్లో ఈ తలాలను వివరంగా పరిశీలించారు. ఎముక సైతం కూర్చునే తీరును తనలో రాసుకుంటుందన్నమాట. బడిలో బల్లలు, ఇంట్లో కుర్చీలు, కమోడ్ మరుగుదొడ్లు వచ్చిన తర్వాత ఎదిగిన యువతకు ఆ సాధన చాలావరకు తప్పిపోయింది. తాత సునాయాసంగా కూర్చునే లోతుకు మనవడు మడమలు లేపకుండా దిగలేకపోవడంలో వింత లేదు.

అయితే గొంతుక్కూర్చోగలిగిన వ్యక్తి బార్‌బెల్‌తో స్క్వాట్ చేయగలడని అనుకోవడం పొరపాటు. ఖాళీ చేతులతో కూర్చున్నప్పుడు వీపు గుండ్రంగా వంగుతుంది, చేతులు ముందుకు చాపుకోవచ్చు, తొడలు పిక్కల మీద వాలి విశ్రమిస్తాయి, శరీర భారం పాదం మధ్యకు దానంతటదే సర్దుకుంటుంది. వీపు మీద బరువు ఉన్నప్పుడు ఈ సౌకర్యాలేవీ మిగలవు, ఎందుకంటే బార్ పాదం మధ్యభాగానికి నేరుగా పైన ఉండాలి, నడుము తన సహజమైన వంపును నిలుపుకోవాలి, కిందికి దిగే ప్రతి అంగుళంలోనూ కండరాలు బరువును అదుపులో పెట్టుకోవాలి. కీలు వంగడం ఒక గుణం. వంగిన చోట బలంగా ఉండడం మరొక గుణం. సాధనలో పుట్టే నొప్పిలో చాలా భాగం ఈ రెండింటి మధ్య ఉన్న ఎడం నుంచే వస్తుంది.

ముందుగా చీలమండను చూడాలి. గోడకు ఎదురుగా నిలబడి, బొటనవేలిని గోడ నుంచి కొద్దికొద్దిగా వెనక్కు జరుపుకుంటూ, మడమ లేవకుండా మోకాలితో గోడను ఎంత దూరం నుంచి తాకగలుగుతున్నారో కొలిచే పరీక్షను ఫిజియోథెరపిస్టులు వాడతారు; సుమారు 10 సెంటీమీటర్లు వస్తే స్క్వాట్‌కు సరిపోతుందని స్థూలంగా చెప్పవచ్చు. ఆ పరీక్షలో పిక్క వెనుక లాగుతున్నట్లు ఉంటే కండరం బిగుతుగా ఉన్నట్లు, చీలమండ ముందు నొక్కుకుపోతున్నట్లు ఉంటే కీలులోనే అడ్డు ఉన్నట్లు అర్థం చేసుకోవాలి. మొదటిది నెలల సాధనతో మెరుగుపడుతుంది. రెండోదానికి సుమారు 2 సెంటీమీటర్ల ఎత్తు మడమ ఉన్న వెయిట్‌లిఫ్టింగ్ బూట్లు గాని, మడమల కింద చిన్న చెక్కపలక గాని వాడుకోవడమే తెలివైన పని, దాన్ని చిన్నతనంగా భావించనవసరం లేదు; ఒలింపిక్ క్రీడాకారులే అటువంటి బూట్లు వేసుకుంటారు.

మోకాళ్లు కాలివేళ్లను దాటి ముందుకు రాకూడదన్న నియమం నేటికీ చాలా వ్యాయామశాలల్లో వినిపిస్తుంది. లోతైన స్క్వాట్ మోకాలి సంధిబంధనాలను, అంటే ఎముకను ఎముకతో కలిపే పట్టీలను, వదులు చేస్తుందని అమెరికాలో కార్ల్ క్లైన్ 1960ల తొలినాళ్లలో ప్రకటించినప్పటి నుంచి మోకాలి విషయంలో ఇటువంటి భయాలు బలపడ్డాయి. తరువాతి పరిశోధనలు ఆయన నిర్ణయాన్ని బలపరచలేదు. మోకాళ్లు ముందుకు రాకుండా ఎదురుగా పలక అడ్డుపెట్టి స్క్వాట్ చేయించిన ఆండ్రూ ఫ్రై బృందం 2003లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మోకాలి మీద టార్క్, అంటే కీలును తిప్పే బలం, సగటున సుమారు 150 నుంచి 117 న్యూటన్ మీటర్లకు తగ్గగా, తుంటి మీద అది 28 నుంచి 303కు పెరిగింది. మోకాలిని కాపాడబోయి భారమంతా తుంటికీ నడుముకూ అప్పగించడం ఎంత పెద్ద మార్పిడో ఈ అంకెలే చెబుతాయి. మోకాలి చిప్ప చుట్టూ నొప్పి ఉన్నవారు కొంతకాలం మోకాలి ప్రయాణాన్ని తగ్గించుకోవడం సబబే; దాన్ని అందరికీ శాశ్వత శాసనం చేయడం మాత్రం సబబు కాదు.

తుంటి కథ వేరు. తుంటి బంతిగిన్నె కీలు. తొడ ఎముక తల అనే బంతి, కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. ఆ గిన్నె లోతు, అది తిరిగి ఉండే దిశ, తొడ ఎముక మెడ కోణం మనిషి మనిషికీ తేడాగా ఉంటాయి. అందువల్ల పాదాలు దగ్గరగా, వేళ్లు నేరుగా ముందుకు పెట్టి ఒకరు సుఖంగా కూర్చోగల లోతులో మరొకరికి గజ్జ ముందు గిల్లినట్లు నొప్పి వస్తుంది, ఎందుకంటే అక్కడ ఎముక ఎముకకు తగులుతోంది. ఎముక అడ్డుపడిన చోట ఎంత సాగదీసినా ప్రయోజనం లేదు, బలవంతం చేస్తే గిన్నె అంచున ఉన్న మృదులాస్థి దెబ్బతినే ప్రమాదం ఉంది. పాదాలను కొంచెం ఎడంగా పెట్టి, వేళ్లను బయటికి తిప్పి, మోకాళ్లను అదే దిశలో పోనిస్తే చాలామందికి ఆ గిల్లుడు పోతుంది; అప్పటికీ పోకపోతే అంతకు పైనే ఆగడం మంచిది. బరువు వెనుక కాకుండా ముందు ఉంటే వీపు నిటారుగా నిలుస్తుంది కనుక, బార్‌ను భుజాల ముందు మోసే ఫ్రంట్ స్క్వాట్, బరువును ఛాతీకి ఆనించి పట్టుకునే గోబ్లెట్ స్క్వాట్ ఇటువంటివారికి అనుకూలిస్తాయి. వీపు మీద బార్ పట్టుకునేటప్పుడు భుజాలు, మోచేతులు నొప్పి పెడితే చేతుల మధ్య ఎడం పెంచితే చాలాసార్లు సరిపోతుంది.

ఇక నొప్పి. సాధన చేసిన మర్నాడు, రెండోనాడు తొడలు పట్టేయడం కొత్త శ్రమకు కండరం ఇచ్చే జవాబు. అది తనంతట తగ్గుతుంది. మోకాలి చిప్ప దిగువ అంచున, వేలితో చూపించగలిగిన ఒకే చోట నొప్పి ఉంటే, అది స్నాయుబంధనానిది, అంటే కండరాన్ని ఎముకకు కలిపే పట్టీది, కావచ్చు. శరీరం వేడెక్కాక తగ్గి, మర్నాటికి తిరిగి రావడం దాని స్వభావం. దానికి పూర్తి విశ్రాంతి మంచిది కాదు, ఎందుకంటే పని లేని స్నాయుబంధనం మోసే శక్తిని మరింత కోల్పోతుంది. కొంత బరువుతో నెమ్మదిగా దిగి నెమ్మదిగా లేచే సాధన దానికి మేలు చేస్తుంది. స్వీడన్‌లో రోలాండ్ థోమే 1990లలో మోకాలి నొప్పి ఉన్నవారి కోసం ప్రతిపాదించిన పద్ధతిలో, సున్నా నుంచి పది వరకు ఉన్న కొలమానంలో సాధన వేళ నొప్పి అయిదు దాటకుండా, మర్నాటికి తిరిగి మామూలు స్థితికి వచ్చేలా బరువును, లోతును సర్దుకుంటారు. నొప్పి ఉందా లేదా అన్న ప్రశ్న కంటే నిన్నటితో పోలిస్తే ఎంత ఉంది అన్న ప్రశ్న ఇక్కడ ఎక్కువ పనికివస్తుంది. కీలు వాచినా, మోకాలు మధ్యలో ఇరుక్కుపోయినా, నడుము నుంచి కాలి కిందికి తిమ్మిరితో కూడిన నొప్పి పాకినా సాధన ఆపి వైద్యుడిని కలవాలి.

ఈ పద్ధతి అంతా ఒక షరతు మీద ఆధారపడి ఉంది. నొప్పి నిజంగా ఎంత ఉన్నదో సాధకుడికి తెలియాలి. మాత్ర వేసుకున్నవాడికి అది తెలియదు. ఉద్దానంలో దీనికి తోడు మరింత తీవ్రమైన అభ్యంతరం ఉంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని అడ్డుకుని నొప్పిని, వాపును తగ్గిస్తాయి. అవే ప్రోస్టాగ్లాండిన్లు, శరీరంలో నీరు తగ్గిన వేళ, మూత్రపిండాల్లోకి రక్తం తెచ్చే సన్నని నాళాలను తెరిచి ఉంచుతాయి. తీరపు ఉక్కపోతలో చెమటోడ్చి సాధన చేసి, సరిగా నీళ్లు తాగకుండా మాత్ర వేసుకున్నవారిలో ఆ రక్షణ సరిగ్గా అవసరమైన సమయానికే తొలగిపోతుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో వ్యాపించిన వ్యాధికి ఒకే కారణాన్ని శాస్త్రం ఇంకా తేల్చలేదు. మధుమేహం, రక్తపోటు లేనివారిలో కూడా అది కనిపించడమే దాని ప్రత్యేకత. 2023లో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కారణం తేలేవరకు, తెలిసిన హానిని అయినా దూరంగా పెట్టడం ఇక్కడి ప్రతి శిక్షకుడి బాధ్యత, మందుల దుకాణంలో చీటీ లేకుండా మాత్రలు అందించేవారి బాధ్యత కూడా.

అధిక సంఖ్యలో చేయించే స్క్వాట్ల విషయంలోనూ ఇదే ఆందోళన వర్తిస్తుంది. సైన్యంలో చేరాలని సిద్ధమయ్యే కుర్రాళ్లకు, కొత్తగా జిమ్‌లో చేరినవారికి మొదటి రోజే వందల గుంజీలు తీయించడాన్ని కొందరు పట్టుదలకు పరీక్షగా భావిస్తారు. అలవాటు లేని తొడ కండరాలు ఒక్కసారిగా అంత శ్రమకు గురైతే కండరపు కణాలు చిట్లి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు; దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. తొడలు విపరీతంగా వాచి, మూత్రం డికాషన్ రంగులోకి మారితే గంటల్లో ఆసుపత్రికి చేరాలి. పట్టుదల పేరుతో ఎవరి మూత్రపిండాలనూ పణంగా పెట్టే హక్కు ఏ శిక్షకుడికీ లేదు.

కండబలం కోసం చాలామంది యువకులు వాడే క్రియాటిన్ పొడి గురించి మరొక మాట అవసరం. మూత్రపిండాల పనితీరును సాధారణంగా రక్తంలోని క్రియాటినిన్‌తో అంచనా వేస్తారు. క్రియాటిన్ శరీరంలో మారి ఏర్పడే వ్యర్థమే క్రియాటినిన్ కాబట్టి, ఆ పొడి వాడేవారిలో, కండ ఎక్కువగా ఉన్నవారిలో, ముందురోజు కఠినంగా సాధన చేసినవారిలో మూత్రపిండాలు బాగున్నా ఆ అంకె కొంత ఎక్కువగా రావచ్చు. అదే కారణం చూపి, నిజంగా పెరుగుతున్న అంకెను తోసిపుచ్చే ప్రమాదం కూడా ఉంది. ఉద్దానంలో బరువులెత్తేవారు సాధన మొదలుపెట్టేముందే ఒకసారి పరీక్ష చేయించుకుని ఆ అంకెను దాచుకోవాలి. తరువాతి పరీక్షలకు ముందు ఒకటి రెండు రోజులు భారీ స్క్వాట్లు మానాలి. వాడుతున్న పొడులు, మింగిన మాత్రలు వైద్యుడికి దాచకుండా చెప్పాలి. అప్పటికీ సందేహం మిగిలితే కండరంతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్-సి పరీక్షను, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షను వైద్యుడు సూచించగలరు.