అంపశయ్య చెంతకు రాని వైద్యుడు: మూడు నవలల పేళ్లపై పరిశీలనము

మనస్తత్వ నవలలుగా మన విమర్శకులు పరిగణించు గ్రంథములలో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’, నవీన్ ‘అంపశయ్య’ ముఖ్యములు. మొదటిది 1940ల నాటిది. రెండవది 1950ల నాటిది. మూడవది 1969లో వెలువడినది. వీని శిల్పమును గూర్చియు, పాశ్చాత్య ప్రభావమును గూర్చియు విపులమైన చర్చ జరిగినది. వీని పేళ్లు నాయకుని వ్యథను ఎట్లు నిరూపించుచున్నవో ఇచ్చట పరిశీలింతుము.

‘అసమర్థుడు’, ‘అల్పజీవి’ అను రెండు పదములును తీర్పులు. సీతారామారావు లోకమునకు దూరమై, తన్ను తాను నిందించుకొనుచు, తుదకు శ్మశానమున మరణించును. సుబ్బయ్య ఆత్మన్యూనతతో పదుగురి యెదుట జంకును. ఇట్టి లక్షణములతో వచ్చిన మనుష్యుని నేటి వైద్యుడు చూచినచో కుంగుబాటునో, ఆందోళన వ్యాధినో శంకించి ప్రశ్నించును. పాఠకుడు మాత్రము గ్రంథమును తెరవకముందే నాయకుడు అసమర్థుడనియు, అల్పుడనియు వినుచున్నాడు. ఆ పేళ్లు వ్యంగ్యములనియు, లోకము వారినట్లు పిలిచినదనియు వాదింపవచ్చును. ఆ వాదము సబబే. ఐనను తరగతి గదిలో పేరు నిలిచినంతగా వ్యంగ్యము నిలువదు. కల్పిత పాత్రలకు రోగనిర్ణయము చేయుట విమర్శకుని పని కాదు. వ్యథను దోషముగా ఏల చదువవలెనని యడుగుట అతని పనియే.

‘అంపశయ్య’ యను పేరు మనుష్యునిపై తీర్పు చెప్పదు. అతడు పరుండిన పడకను చూపును. ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహమున నున్న రవి యొక్క ఒక్కదినపు మనోవేదన ఇందలి కథ. భారతమున భీష్ముడు శరతల్పమున నున్నపుడు బాణములను పెరుకుటలో నేర్పరులైన వైద్యులు వచ్చిరి. క్షత్రియధర్మమును తలచి అతడు వారిని సత్కరించి పంపివేసెను. వైద్యుని నిరాకరించు స్వేచ్ఛ భీష్మునకు కలదు. రవి వంటివారి చెంతకు వైద్యుడు వచ్చుటయే అరుదు. సామాన్య మానసిక రుగ్మతలున్నవారిలో నూటికి సుమారు 85 మందికి చికిత్స అందుట లేదని 2015-16 నాటి జాతీయ మానసికారోగ్య సర్వే తేల్చినది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రములలో తెలుగు రాష్ట్రములు రెండును లేవు.

నవీన్ జన్మస్థలమైన వావిలాల పూర్వపు వరంగల్ జిల్లాలోనిది. కాజీపేట–విజయవాడ రైలుమార్గమున నున్న కేసముద్రము కూడ, 2016లో మహబూబాబాదు జిల్లా యేర్పడువరకు, ఆ జిల్లాలోనిదే. 1997-98లో పత్తిపంట దెబ్బతిని అనేకులు రైతులు ఆత్మహత్య చేసికొన్న జిల్లాయు అదియే. ఈ ప్రాంతపు వాడుకలో దిగులునకు ‘రంది’ యనియు, భయమునకు ‘బుగులు’ అనియు మాటలు కలవు. ‘రంది పట్టుకున్నది’ అను వాక్యమున రంది కర్త, మనుష్యుడు పీడితుడు. అసమర్థుడను మాటలో నున్న నింద ఈ మాటలో లేదు.

రంది యెల్ల వ్యాధి కాదు. పంట పోయినపుడు దుఃఖము సహజము. విచారమో, నిరాసక్తతయో దాదాపు ప్రతిదినము రెండు వారములైనను నిలిచి, నిద్ర, ఆకలి, పని చెడినచో వైద్యులు కుంగుబాటును శంకింతురు. తేలికపాటి స్థితిలో మాటలతో చేయు చికిత్స చాలవచ్చును. ఆలోచనల తీరును, దినచర్యను క్రమముగా మార్చుకొనుట అందు నేర్పుదురు. తీవ్రమైనచో మందులు నిత్తురు. అవి గుణము చూపుటకు కొన్ని వారములు పట్టును. నెమ్మది కలుగగానే వైద్యుని అడుగక మానరాదు. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి-మానస్ వారి 14416 సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్లు ఉచితముగా సలహా లభించును. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో నున్నట్లు భావించి, శిక్షకు మారు సంరక్షణ కల్పింపవలెనని 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. చట్టమే తీర్పునుండి సంరక్షణకు మరలినపుడు విమర్శ వెనుకబడుట తగదు.

కావున ఈ నవలలను బోధించునపుడు చైతన్య స్రవంతి శిల్పమునకు ముందు, నాయకుని బాధించునది యేది, కథలో అతనికి తోడు నిలిచినవారెవరు అని అడుగవలెనని మా అభిప్రాయము. మనోవ్యథను తెలుపు మాండలిక పదములను పరిశోధక విద్యార్థులు కేసముద్రము వంటి ఊళ్లలో సేకరించుట మరియొక ఉపయుక్తమైన కార్యము. తరగతిలో మౌనముగా కూర్చున్న విద్యార్థి ఆ మాటలలో నొకదానిని పలికినచో, అధ్యాపకుడు దానిని సోమరితనముగా గాక సహాయమును కోరు మాటగా గ్రహింపగలడు.