శాంపిల్ తెచ్చినవా?

పత్తి సీజన్‌లో జనగామ మార్కెట్ యార్డు బయట వరుసగా ఆగిన పికప్‌లను చూస్తే, ఈ ప్రాంతం చరిత్ర నంబర్ ప్లేట్ల మీదే కనబడుతుంది. ఏపీ 36 అంటే ఉమ్మడి వరంగల్ జిల్లా నాటి బండి. టీఎస్ 27 అంటే 2016 అక్టోబర్‌లో జనగామ జిల్లా అయ్యాక రిజిస్టర్ అయింది. టీజీ అని ఉంటే 2024 మార్చి తర్వాతది. నా కన్ను ఏపీ 36 దగ్గరే ఆగుతుంది. మా ఇంటి బొలెరో పికప్‌దీ ఆ నంబరే. అందులో 2523 సీసీ డీజిల్ ఇంజను. కంప్యూటర్ లేదు, సెన్సర్ల గొడవ లేదు. అలాంటి బండి ఇన్నేళ్ల తర్వాత కూడా ఎరువుల బస్తాలు మోస్తోందంటే ఒక్క మెకానిక్ చలవతో కాదు. స్పేర్ పార్ట్స్ షాపు కౌంటర్ వెనక మనిషి, లేత్ మీద టర్నర్, కమాన్ పట్టీల మిస్త్రీ, డీజిల్ పంపు మిస్త్రీ, అందరి చేయీ అందులో ఉంది. ఈ వారం పార్టు వెతకడం అనే పని గురించి రాస్తాను. రిపేరులో సగం పని అదే.

షాపుకెళ్లి "అన్నా, ముందు చక్రం బేరింగ్ కావాలె" అంటే కౌంటర్ మీద నుంచి వచ్చే మొదటి మాట "శాంపిల్ తెచ్చినవా?" అనే. పాత ముక్క చూపించనిదే మంచి షాపువాళ్లు కొత్తది తీయరు. ఒకే పేరుతో, ఒకే ఏడాదిలో వచ్చిన రెండు బండ్లకు కూడా లోపల భాగాలు తేడా ఉండొచ్చు. ఫ్యాక్టరీలో మధ్యలో డిజైన్ మారుతుంది, బండి పేరు మాత్రం అదే ఉంటుంది. అందుకే చాసిస్ నంబరు కూడా అడుగుతారు. అందులో పదిహేడు అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఎంఏ1తో మొదలైతే మహీంద్రా, ఎంఏటీతో మొదలైతే టాటా. దాని ఫొటో, ఆర్సీ ఫొటో ఫోన్‌లో ఉంచుకుంటే షాపులో సగం ప్రశ్నలు తప్పుతాయి.

పాత ముక్కను గుడ్డతో తుడిచి వెలుతురు వైపు తిప్పి చదవడం ఒక విద్య. బేరింగ్ అయితే అంచు మీద సన్నగా అంకెలు చెక్కి ఉంటాయి. 6205 అని ఉందనుకోండి. మొదటి 6 అది బాల్ బేరింగ్ అని చెబుతుంది. చివరి రెండంకెలను ఐదుతో హెచ్చవేస్తే లోపలి రంధ్రం కొలత మిల్లీమీటర్లలో వస్తుంది, అంటే 25. బయటి కొలత 52, మందం 15. ఈ లెక్క 04 నుంచి పైకి నడుస్తుంది. ఆల్టర్నేటర్లలో తరచూ కనిపించే 6203కి లోపలి కొలత 17, అది విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. మిల్లీమీటర్ల కొలతల్లో చేసిన టేపర్ రోలర్ బేరింగ్ నంబర్లు సాధారణంగా 3తో మొదలవుతాయి. 30205 అన్నా లోపల 25 మిల్లీమీటర్లే. నంబరు చివర 2ఆర్ఎస్ అని ఉంటే రెండు పక్కలా రబ్బరు మూత, జెడ్‌జెడ్ అని ఉంటే రేకు మూత. జైపూర్‌లో చేసినా జపాన్‌లో చేసినా 6205 కొలత మారదు. ఆయిల్ సీలు ఇంకా సులువు, దాని ముఖం మీదే 35-52-7 అని రాసి ఉంటుంది: లోపలి కొలత, బయటి కొలత, మందం. అంకెలు అరిగిపోతే వెర్నియర్‌తో కొలుచుకోవచ్చు.

ఈ అంకెల విలువ ఆల్విన్ నిస్సాన్ బండ్ల కథ తెలిస్తే బాగా అర్థమవుతుంది. 1980లలో జపాన్ కంపెనీలతో కలిసి మన దేశంలో నాలుగు తేలికపాటి ట్రక్కులు వచ్చాయి: డీసీఎం టొయోటా, ఆల్విన్ నిస్సాన్, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి. వాటిలో ఆల్విన్ నిస్సాన్ మన గడ్డ మీద పుట్టింది. హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జహీరాబాద్‌లో ప్లాంటు పెట్టి తయారుచేసింది. ఆ దశాబ్దం ముగిసేలోపే అది మహీంద్రా చేతికి వెళ్లింది, కొన్నేళ్లకు ఆ బండి పేరే మార్కెట్లో లేకుండా పోయింది. డీసీఎం టొయోటా కూడా పోయింది, తెలంగాణలో మాత్రం ఆ సైజు ట్రక్కు ఏది కనబడినా మనం ఇప్పటికీ డీసీఎం అనే అంటాం. కంపెనీ మూతపడినా, అంతర్జాతీయ కొలతల్లో చేసిన బేరింగులు, సీళ్లు, బెల్టులు నంబరు మీద దొరుకుతూనే ఉంటాయి. దొరకనివి ఆ బండికే ప్రత్యేకమైన ఆకారాలు: గేర్లు, తలుపు రేకులు, అద్దం లేపే రెగ్యులేటర్లు. పాత బండి ఉన్నవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది తమ బండిలో ఏవి నంబరుతో దొరికేవి, ఏవి ఆకారంతో వెతకాల్సినవి అన్నదే. మొదటి రకానికి కంగారు అక్కర్లేదు. రెండో రకం మాత్రం కనిపించినప్పుడే కొని దాచుకోవాలి.

వెతికే దారి ఒక్కో ఊరికి ఒక్కో రకం. జనగామ హైదరాబాద్–వరంగల్ రహదారి మీద ఉంది. ఊళ్లో దొరకనిదానికి ఒకవైపు వరంగల్, ఇంకోవైపు ఎనభై కిలోమీటర్లు దాటాక హైదరాబాద్. అక్కడ పుత్లీబౌలిలో మోటారు విడిభాగాలు, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో బేరింగులు, పనిముట్లు. మానుకోట (మహబూబాబాద్) వాళ్లకు రైలుంది. కాజీపేట–విజయవాడ లైను మీద ఊరు కాబట్టి ఒకవైపు వరంగల్, రెండోవైపు డోర్నకల్, ఖమ్మం దాటితే విజయవాడ జవహర్ ఆటోనగర్. బండి మొత్తాన్ని ముక్కముక్కగా విప్పి అమ్మే దుకాణాలున్న చోటు అది. గేర్‌బాక్సు, హౌసింగు లాంటి బరువైన సెకండ్‌హ్యాండ్ సరుకుకు నేను మొదట చెప్పే పేరు అదే. బరువు మోసుకుని తిరగాల్సి వచ్చినా అక్కడ నాలుగు కొట్లలో పోల్చి చూసి కొనొచ్చు.

భూపాలపల్లి పరిస్థితి వేరు. బొగ్గు గనులు, చెల్పూరు థర్మల్ కేంద్రం ఉన్న ఊరు, వెల్డింగుకీ భారీ పనులకీ మనుషులున్నారు. కానీ పాత పికప్‌కు ప్రత్యేకమైన ముక్క కావాలంటే పరకాల మీదుగా వరంగల్ రావాల్సిందే. ఆ దూరాన్ని తగ్గించింది ఆర్టీసీ కార్గో. 2020లో అది మొదలయ్యాక, పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రం బస్సులో పార్టు దిగడం మామూలైంది. కానీ తప్పు ముక్క వస్తే తిరిగి పంపడానికి ఒక రోజు, సరైనది రావడానికి ఇంకో రోజు. మిర్చి కోతల సీజన్‌లో రెండు రోజులు బండి ఆగితే ఎంత నష్టమో రైతుకు తెలుసు. అందుకే వాట్సాప్‌లో ఫొటో పంపేటప్పుడు ముక్క పక్కన స్కేలు పెట్టి తీయాలి, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. అంకెలున్న చోటును సుద్దముక్కతో రుద్దితే తెల్లగా తేలి ఫొటోలో స్పష్టంగా పడతాయి.

ఇక ఏ రకం కొనాలి అన్న ప్రశ్న. బండి కంపెనీ డబ్బాలో వచ్చేది ఒకటి. ఆ కంపెనీకి సరఫరా చేసే తయారీదారే తన సొంత డబ్బాలో అమ్మేది ఇంకోటి. ఇది చాలాసార్లు అదే నాణ్యత, ధర తక్కువ. మూడోది లోకల్. నాలుగోది నకిలీ, డబ్బా మాత్రం పేరున్నవాళ్లది, లోపల ఎవరో చేసింది. అద్దం మూతకో, మడ్‌ఫ్లాపుకో లోకల్ సరిపోతుంది. బ్రేకులకు, స్టీరింగుకు మాత్రం వద్దు. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణముంది. మానుకోట తండాల నుంచి మిర్చి ఏరడానికి పొద్దున్నే బయల్దేరే పికప్‌ల వెనక ట్రాలీలో ఆడవాళ్లు నిలబడి వెళ్తారు. సరుకుల బండిలో మనుషులను ఎక్కించకూడదని చట్టం చెబుతోంది, అయినా ఎక్కుతున్నారు. ఆ బండి బ్రేకు మాస్టర్ సిలిండర్‌లో ఉన్నది వేలెడంత రబ్బరు కప్పు. అది పాడైతే పెడల్ నేలకు తగులుతుంది. సిలిండర్ విప్పినప్పుడు డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో కడిగే అలవాటు కొన్ని చోట్ల ఇంకా ఉంది. ఆ నూనె తగిలితే బ్రేకు రబ్బరు ఉబ్బి ఇరుక్కుంటుంది. బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి, డబ్బా మీద డాట్ 3 అని ఉందో డాట్ 4 అని ఉందో చూసి బండికి చెప్పిందే పోయాలి. రబ్బరు కిట్టుకు అయ్యే ఖర్చు ఒక డీజిల్ ట్యాంకు ఖర్చులో చిన్న వంతు.

బోల్టుల విషయమూ ఇంతే. తల మీద 8.8 అనో 10.9 అనో ఉంటుంది, అది బలం తెలిపే అంకె. కమాన్ పట్టీలను బిగించే యూ బోల్టు తెగితే, దాని స్థానంలో ఇనుప సామాన్ల కొట్లో దొరికిన మెత్తటి కడ్డీని వంచి మరలు కోసి బిగించడం నేను చూశాను. లోడు మీద అది సాగుతుంది, ఇరుసు పక్కకు జరుగుతుంది.

పనిముట్ల దగ్గరికి వస్తే, పార్టుల కంటే ముందు పానాలు కొనుక్కోండి అంటాను. ఇంటి దగ్గర పెట్టెలో ఉండాల్సినవి ఎక్కువేం కాదు: 8 నుంచి 32 దాకా రింగు పానాల సెట్టు, గోటి పానాలు, మంచి పక్కడ్, సుత్తె, గ్రీజు గన్ను, ఫీలర్ గేజు, ఒక టెస్ట్ లైటు. ముఖ్యంగా రింగు పానా. రెండు పలకలనే పట్టే ఓపెన్ పానాతో బిగుసుకున్న బోల్టును విప్పబోతే తల గుండ్రమవుతుంది. రింగు పానా ఆరు మూలలనూ పట్టుకుంటుంది.

ఏ బండికి ఏ పానా అన్నదానిలో ఆ బండి వంశం దాగి ఉంటుంది. జర్మన్ కొలతల బోల్టుల్లో 8 మిల్లీమీటర్ల బోల్టుకు 13 పానా, 10కి 17, 12కి 19. జపాన్ కొలతల్లో అవే బోల్టులకు 12, 14, 17. పాత విల్లీస్ జీపుల నుంచి వచ్చిన మహీంద్రా బండ్లలో అంగుళాల బోల్టులు కూడా ఉండేవి. అర అంగుళం తల అంటే 12.7 మిల్లీమీటర్లు, దానికి 13 పానా ఎక్కుతుంది, కానీ గట్టిగా తిప్పితే జారుతుంది. చేతులు మారిన బండిలో మూడు రకాలూ కలిసిపోయి ఉండొచ్చు. చీకట్లో, రోడ్డు పక్కన, ఏ పానా ఏ బోల్టుకో ముందే తెలిసి ఉండటం చాలా పెద్ద ధైర్యం.

కొన్ని పనిముట్లు సొంతంగా కొనడం దండగ. టార్క్ రెంచి, బేరింగ్ పుల్లర్, వాల్వు స్ప్రింగు నొక్కే క్లాంపు ఏడాదికి ఒకటి రెండుసార్లే కావాలి. కానీ సిలిండర్ హెడ్ బోల్టులను అంచనాతో బిగించకూడదు. నడిమధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, దఫదఫాలుగా, చెప్పిన టార్కుకు రావాలి. వరికోత యంత్రాన్ని ఊరంతా వంతులవారీగా అద్దెకు తెచ్చుకున్నట్టు, నాలుగైదు పికప్‌లున్న ఊళ్లో ఒక టార్క్ రెంచి, ఒక పుల్లర్ ఉమ్మడిగా కొని పెట్టుకుంటే చాలు. ఇది జరిగేపనే.

కొత్త ముక్క కొననక్కర్లేని చోట్లు కూడా ఉన్నాయి. నాజిళ్ల కింద, పైపు జాయింట్ల దగ్గర ఉండే రాగి వాషర్లు ఒకసారి నలిగితే గట్టిపడతాయి. వాటిని ఎర్రగా కాల్చి చల్లారిస్తే రాగి మళ్లీ మెత్తబడి జాయింటు కారకుండా పట్టుకుంటుంది. అరిగిన షాఫ్టు మీద టర్నర్ స్లీవు ఎక్కిస్తాడు, లేని బుష్‌ను గన్‌మెటల్‌లో కోసి ఇస్తాడు. జనగామకు ఆనుకునే ఇత్తడి రేకు మీద బొమ్మలు తేల్చే పెంబర్తి ఉంది. లోహం చేతికి ఎలా వంగుతుందో, ఎంత వేడికి మెత్తబడుతుందో తెలిసిన మనుషులు ఈ నేలకు కొత్త కాదు.

అన్నిటికంటే నాకు బెంగ డీజిల్ పంపు గురించి. ఈ పంపులు చేసే మైకో కంపెనీ 1951లో మొదలై 2008లో బాష్ లిమిటెడ్ అయింది, మిస్త్రీల నోట మాత్రం ఇప్పటికీ మైకోనే. ఆ పాతకాలపు పంపులో ప్లంజరు, బ్యారెలు జంటగా నూరి తయారుచేస్తారు. మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది. ఒక జంటలోది తీసి ఇంకో జంటలో పెట్టకూడదు. పంపును క్యాలిబ్రేషన్ బెంచి మీద బిగించి ఒక్కో సిలిండర్‌కు ఎంత డీజిల్ పోతోందో గాజు గొట్టాల్లో చూసి సమానం చేస్తారు. నాజిల్‌ను టెస్టర్‌కు తగిలించి చేత్తో కొడితే డీజిల్ పొగమంచులా చిమ్మాలి. చుక్క కారితే బండి నల్లపొగ కక్కుతుంది, డీజిల్ తాగుతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చాక కొత్త బండ్లన్నీ కామన్ రైలు, స్కానర్ల మీదికి వెళ్లాయి. కుర్రాళ్లు స్కానర్ నేర్చుకుంటున్నారు, మంచిదే. బెంచి ముందు కూర్చునేవాళ్లు మాత్రం తగ్గిపోతున్నారు.

ఎనిమిదేళ్లు దాటిన సరుకుల బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. 2021లో కేంద్రం పాత వాహనాల స్క్రాపు విధానం తెచ్చాక, ఫిట్‌నెస్ తప్పిన బండి భవిష్యత్తు ఏమిటో అందరికీ అర్థమైంది. పొగ కక్కే, బ్రేకు పట్టని బండి రోడ్డు మీద ఉండకూడదు, అందులో నాకు సందేహం లేదు. కానీ పంపు సరిచేస్తే పొగ తగ్గే బండిని, సరిచేసే మనిషి దొరకలేదని తుక్కుకు పంపడం నాకు బాధ కలిగిస్తుంది. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ ట్రేడ్ ఉంది. ఆ పిల్లలను ఏడాదిలో కొన్ని వారాలైనా ఇలాంటి పంపు షాపుల్లో, లేత్ షాపుల్లో కూర్చోబెట్టాలి, ఆ మిస్త్రీలకు గౌరవవేతనం ఇవ్వాలి. జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాల కలెక్టర్లు అనుకుంటే వచ్చే విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టొచ్చు.

మా బండి ఫిట్‌నెస్ గడువు దగ్గర పడింది. అంతకుముందే పంపు విప్పి వరంగల్ తీసుకెళ్లాలి. అక్కడి పంపు మిస్త్రీ పెద్దాయనకు ఫోన్ చేస్తే, "తమ్మీ, పొద్దుగాలనే రా, ఇద్దరు పోరగాండ్లు కొత్తగ పనికొస్తున్నరు, వాళ్ల ముంగటనే విప్పుత" అన్నాడు.