ఒకే బంతిలో ఒక వారం

పదో తరగతి పరీక్షలు అయ్యీ అవగానే బెజవాడలో పిల్లల్ని ఇంటర్ పాఠాల ముందు కూర్చోబెడతాం. ఆ వేసవిలోంచి ఒక్క వారం నాకు కావాలి, వేర్వేరు కులమతాల పిల్లలు కలిసి ఉండటానికి.

జర్మనీ, డెన్మార్క్ సరిహద్దులో ఫ్లెన్స్‌బుర్గ్ అనే ఊరుంది. సరిహద్దుకు జర్మనీ వైపు డేన్లు, డెన్మార్క్ వైపు జర్మన్లు అల్పసంఖ్యాకులు. 1955లో రెండు ప్రభుత్వాలూ వారి హక్కులకు హామీ ఇచ్చాయి. 1996లో అదే ఊళ్లో యూరప్ మైనారిటీ సమస్యల అధ్యయన కేంద్రం వెలిసింది. అది నడిపే వేసవి బడులకు విద్యార్థులు వస్తారు.

మనకూ అలాంటి చోటు ఒకటుంది. నాస్తికోద్యమ నేత గోరా 1940లో ఉయ్యూరు దగ్గర ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టి, 1947లో బెజవాడలోని పటమటకు మార్చారు. ఆయన ఉపన్యాసాల కంటే నన్ను ఎక్కువగా కదిలించేవి ఆయన పెట్టించిన సహపంక్తి భోజనాలు. కూతురు మనోరమ పెళ్లి దళిత యువకుడు అర్జునరావుతో 1948లో గాంధీ ఆశ్రమం సేవాగ్రామ్‌లో జరిగింది.

కుర్రతనంలో పెళ్లిళ్లలో వడ్డనకు దిగేవాణ్ణి. ఏ బంతిలో ఎవరు కూర్చోవాలో పెద్దలు ముందే సర్దేసేవారు. పక్కన కూర్చోవడం ఒక మెట్టు. ఎవరి చేతి వంటైనా తినడం ఇంకో మెట్టు. ఎంగిలి విస్తళ్లు ఎవరు ఎత్తాలన్న దగ్గర మాత్రం అభ్యుదయవాదులు కూడా చేతులు కడుక్కుని లేచిపోవడం చూశాను.

ఇవాళ ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలు చాలావరకు వేటికవే. వాటివల్లే ఎందరో పేదపిల్లలు చదువుకుంటున్నారు, అవి ఉండాల్సిందే. కానీ ఆ పిల్లలు ఒకరికొకరు ఎప్పుడు తెలుస్తారు? కొండపల్లి, మచిలీపట్నం, అవనిగడ్డ పిల్లలు ఒక వారం ఒకే వసతిలో ఉండి, ఒకే పొయ్యి మీద వండుకుంటే చాలు. పక్కనే నిద్రపోయే పిల్ల తెల్లవారుజామున నమాజుకు లేస్తే, ఎందుకని అడగాలనిపిస్తుంది. సభలో ఆ ప్రశ్న పుట్టదు.

1972లో నాస్తిక కేంద్రం గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి విందు చేసింది. ఆ ధైర్యం మీద నాకు గౌరవం ఉంది. పిల్లల్ని మాత్రం అంత అడగను. ఎవరి పట్టింపు వారికి ఉండనిద్దాం. కోడి హలాల్‌దేనా, ఉల్లి తినని పిల్లకు వేరే గిన్నె పెట్టాలా, అంట్లు తోమే వంతు ఎవరిది అన్నవి మొదటి సాయంత్రమే పిల్లలు కూర్చుని తేల్చుకోవాలి. పెద్దలు ఆ గదిలో ఉండకూడదు.