పాత ట్రాక్టరుకు కొత్త క్లచ్

ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు వదిలారంటే గోదావరి డెల్టాలో ట్రాక్టరుకు క్షణం తీరిక ఉండదు. ఆకుమడి ఎదిగేలోపు దమ్ము పూర్తి కావాలి. ఊడ్పులకు మనుషులు దొరికిన రోజుకి చేను చదునై ఉండాలి. సార్వా (ఖరీఫ్)లో స్వర్ణ లాంటి ఎక్కువ కాలం పట్టే వరి రకం వేసినచోట కోతకీ, మళ్లీ దాళ్వా (రబీ) దమ్ముకీ మధ్య దొరికేవి కొద్ది వారాలే. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది మొదలు ఇక్కడి సేద్యమంతా కాలువ గడువు ప్రకారమే నడుస్తోంది. సరిగ్గా ఆ గడువు మధ్యలోనే, పిక్కల్లోతు బురదలో, ఇంజను రయ్యిమని అరుస్తుంది. చక్రం మాత్రం కదలదు. మాడు వాసన గట్టుదాకా వస్తుంది. అక్కడ నిలబడ్డ రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు, క్లచ్ పోయిందని.

కారుకైనా లారీకైనా క్లచ్ మార్చాలంటే గేరుబాక్సు కిందికి దించితే సరిపోతుంది. ట్రాక్టరుతో అలా కుదరదు, ఎందుకంటే దానికి వేరే చాసిస్ ఉండదు. ఇంజను, బెల్ హౌసింగు, గేరుబాక్సు, వెనక ఇరుసు పెట్టె: ఈ పోత ఇనుప దిమ్మలను ఒకదానికొకటి బోల్టులతో బిగిస్తే అదే బండికి వెన్నెముక. 1917లో హెన్రీ ఫోర్డు తెచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరు ఈ పద్ధతిని ప్రపంచమంతా పరిచింది. మన దేశంలో 1959లో ఫరీదాబాద్‌లో మొదలైన ఐషర్, 1960లో మద్రాసులో పుట్టిన టాఫే వారి మాసీ ఫెర్గూసన్, 1963లో మహీంద్రా వారు ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి పెట్టిన సంస్థ తెచ్చిన బి-275, 1974 నాటి స్వరాజ్, అన్నీ ఈ తీరు బండ్లే. క్లచ్ ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య బెల్ హౌసింగులో దాక్కుని ఉంటుంది. దాని మొహం చూడాలంటే బండిని నడుముకాడికి రెండుగా విడదీయాల్సిందే. మాసీ 1035 లాంటి 35 హార్స్‌పవర్ బండి సుమారు 1,700 కిలోలు తూగుతుంది. అంత బరువును ఊరి చివర షెడ్డులో, రెండు జాకీలు, ఒక చైను కప్పీ, నాలుగు చెక్క దిమ్మలతో విడగొట్టి మళ్లీ వెంట్రుకవాసి తేడా రాకుండా కలపడం డెల్టా మెకానిక్కుల చేతిలో ఉన్న విద్య.

ఆ విద్యలో బోల్టులు విప్పడం చిన్న భాగం. పానా పట్టకముందే సగం పని జరిగిపోతుంది.

"ఏవండీ, క్లచ్చేనంటారా?" అని రైతు అడిగితే మంచి మేస్త్రి వెంటనే అవునని అనడు. ముందు పెడల్ మీద చెయ్యి పెట్టి నొక్కుతాడు. బరువు తగలకుండా పెడల్ కొంత దూరం ఖాళీగా కిందికి రావాలి. మోడల్‌ని బట్టి అది అంగుళానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఆ ఖాళీ లేదంటే రిలీజ్ బేరింగు ఎప్పుడూ ఫింగర్లను (ప్రెషర్ ప్లేటును వెనక్కి లాగే మీటలను) నొక్కుతూనే ఉందన్నమాట, ప్లేటు పూర్తిగా పట్టుకోవడం లేదన్నమాట. అలాంటప్పుడు రాడ్డు సరిచేస్తే చాలు, బండి విప్పే పనే ఉండదు. తరువాత బ్రేకు తొక్కిపట్టి, పై గేరు వేసి, క్లచ్ మెల్లగా వదులుతాడు. ఇంజను ఆగిపోతే క్లచ్ పట్టుకుంటోందని అర్థం. ఆగకుండా తిరుగుతూ ఉంటే జారుతోంది. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే గరగరమంటే బేరింగు పోయింది. తొక్కినా గేరు కరకరలాడుతూ పడకపోతే ప్లేటు ఫ్లైవీలును (ఇంజను వెనక తిరిగే బరువు చక్రాన్ని) వదలడం లేదు.

ఈ చివరి జబ్బు డెల్టాలో ఎక్కువ. దమ్ము చేసేటప్పుడు నీళ్లు బెల్ హౌసింగులోకి వెళ్తాయి. పని ముగిశాక బండిని పాకలో పెట్టి నెలల తరబడి కదపకపోతే ప్లేటు తుప్పుపట్టి ఫ్లైవీలుకి అతుక్కుపోతుంది. బాగా తెలిసిన డ్రైవర్లు పనిలేని రోజుల్లో పెడల్‌ని కిందికి తొక్కి, అలాగే నిలిచేలా కర్ర పోటు పెట్టి ఉంచుతారు. కొన్ని బండ్లకు ఇందుకోసం కొక్కెం కూడా ఉంటుంది. ఎంతోమంది ఆ కొక్కెం ఎందుకుందో తెలియకుండానే బండి అమ్మేస్తారు.

బెల్ హౌసింగు అడుగున చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. మేస్త్రి బండి కిందికి దూరి వేలితో ఆ రంధ్రాన్ని తడిమి చూస్తాడు. వేలికి నల్లగా, పలచగా అంటితే ఇంజను ఆయిలు. క్రాంకు వెనక సీలు కారుతోంది. చిక్కగా, జిడ్డుగా, ఘాటు వాసనతో అంటితే గేరు ఆయిలు. గేరుబాక్సు ముందు షాఫ్టు సీలు పోయింది. వేలు పొడిగా వస్తే ప్లేటు అరిగిపోవడమే కారణం కావచ్చు. ఈ వేలి పరీక్ష చెయ్యకుండా కొత్త ప్లేటు వేసి పంపిస్తే, మళ్లీ సీజనుకల్లా అదే ప్లేటు నూనెలో నాని, మళ్లీ అదే షెడ్డుకు రావడం ఖాయం.

ఇక విడదీయడం. బ్యాటరీ వైరు, బానెటు, సైలెన్సరు, డీజిల్ పైపు, యాక్సిలరేటరు రాడ్డు, స్టీరింగు రాడ్లు, వైరింగు, వరసగా విప్పుతారు. కొన్ని బండ్లలో హైడ్రాలిక్ పంపు ఇంజను పక్కనే ఉంటుంది కాబట్టి ఆ గొట్టాలూ విప్పాలి. మాసీ 1035లో పంపు వెనక పెట్టె లోపలే ఉంటుంది కనుక ఆ బెడద లేదు. వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు అడ్డుపెడతారు. గేరుబాక్సు కింద బలమైన స్టాండు నిలబెడతారు. ఇంజను కింద జాకీ, జాకీకీ ఇంజనుకీ మధ్య చెక్క.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పుకోవాలి. ట్రాక్టరు ముందు ఇరుసు నడుమ ఒకే పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది. గట్లు దాటేటప్పుడు నాలుగు చక్రాలూ నేలకు తగలాలంటే అలాగే ఉండాలి. బండి ఒకటిగా ఉన్నంతసేపూ వెనక భాగం ఇంజనును నిటారుగా పట్టుకుంటుంది. విడదీసిన మరుక్షణం ముందు సగం ఆ ఒక్క పిన్ను మీదే మిగులుతుంది. ఎటైనా ఒరిగిపోవచ్చు, పక్కన ఉన్న మనిషి మీద పడవచ్చు. అందుకే బోల్టులు వదులు చేయకముందే ఇరుసుకీ దాని పైనున్న దిమ్మకీ మధ్య ఇరువైపులా ఏటవాలు చెక్కలు దూర్చి సుత్తితో బిగిస్తారు. డెల్టాలో పని నేర్చుకునే కుర్రాడికి మేస్త్రి మొదట నేర్పాల్సింది ఈ చెక్కల సంగతే. తొందరలో దీన్ని వదిలేసేవాడు ఎంత పనిమంతుడైనా, అతని చేతికి బండి అప్పజెప్పకూడదు.

బోల్టులన్నీ వచ్చాక ముందు సగాన్ని దాని చక్రాల మీదే మెల్లగా ముందుకు దొర్లిస్తారు. రెండడుగుల సందు చాలు, క్లచ్ కనిపిస్తుంది.

ప్రెషర్ ప్లేటు బోల్టులను ఒక్కొక్కటీ పూర్తిగా తీసేయకుండా, ఎదురెదురువి కొద్దికొద్దిగా వదులు చేస్తూ వస్తారు, స్ప్రింగుల ఒత్తిడి ఒకవైపే పడి వంగిపోకుండా. లోపలినుంచి వచ్చే ప్లేటు అన్నం తినే కంచమంత ఉంటుంది. 35 హార్స్‌పవర్ మాసీ డ్యూయల్ క్లచ్‌లో పెద్ద ప్లేటు 11 అంగుళాలు, పీటీవోని (వెనక తగిలించిన పనిముట్లను తిప్పే షాఫ్టును) నడిపే చిన్నది 9. పెడల్ సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, పూర్తిగా తొక్కితే పీటీవో కూడా ఆగుతుంది. రోటవేటరు వచ్చాక ఆ చిన్న ప్లేటు మీద భారం బాగా పెరిగింది.

తీసిన ప్లేటును వెలుతురులోకి తెచ్చి చూస్తే అది పడ్డ కష్టమంతా చెబుతుంది. లైనింగు చుట్టూ సమానంగా అరిగితే దాని ఆయుష్షు అది న్యాయంగా తీర్చుకుంది. నల్లగా అద్దంలా మెరిస్తే నూనె తాగింది. ఒకవైపే అరిగితే ఫింగర్ల ఎత్తు సమానంగా లేదు. ఫ్లైవీలు మీద నీలి మచ్చలు, సన్నటి పగుళ్లు కనిపిస్తే అది డ్రైవరు కాలి పని: మడి మూలల్లో తిరిగేటప్పుడు, బరువు ట్రక్కుతో గట్టు ఎక్కేటప్పుడు హాఫ్ క్లచ్ మీద ఆపి ఆపి నడిపిన వేడి. రివెట్లు బయటపడి ఫ్లైవీలును గీసేస్తే లేతు మీద పెట్టి మొహం చదును చేయించాలి. రాజమండ్రి, తణుకు, తాడేపల్లిగూడెం, భీమవరం లాంటి ఊళ్లలో లేతు షాపులకు కొదవలేదు. అరుదైన పాత మోడల్ సామాను కావాలంటే విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. కొత్త ప్లేటు దొరకని బండ్లకు పాత ప్లేటుకే కొత్త లైనింగు కొట్టించి రివెట్లు వేయించే పద్ధతి ఇంకా ఉంది.

పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వాడేవారు. బెల్ హౌసింగులో పేరుకున్న ఆ ధూళిని కంప్రెసరు గాలితో ఊదడం చాలా షెడ్లలో అలవాటు. ఊపిరితిత్తులకు అది విషం. తడిగుడ్డతో తుడిస్తే పోయేదానికి ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఎందుకు? పని నేర్చుకునే వయసు పిల్లల ముందు ఆ పని అసలే చేయకూడదు.

బిగించేటప్పుడు పొదుపు పేరుతో చేసే తప్పులు చాలా ఉన్నాయి. ప్లేటు ఒక్కటే మార్చి పాత రిలీజ్ బేరింగునే వేయడం వాటిలో పెద్దది. బండి విడగొట్టే కూలి బేరింగుకైనా ప్లేటుకైనా ఒకటే. కాబట్టి విప్పినప్పుడే రిలీజ్ బేరింగు, ఫ్లైవీలు నడుమ ఉండే పైలట్ బేరింగు, కారే సీలు అన్నీ ఒకేసారి మార్చేయాలి. కొత్త రిలీజ్ బేరింగును పెట్రోలుతో కడగకూడదు. లోపల నింపి మూసిన గ్రీజు కాస్తా పోతుంది. ప్లేటు లైనింగుకి నూనె చెయ్యి తగలకూడదు.

ప్లేటు ఫ్లైవీలుకి సరిగ్గా నడుమన కూర్చోవాలి. అందుకు మేస్త్రులు పాత గేరుబాక్సు నుంచి తీసి దాచుకున్న షాఫ్టు ముక్కను వాడతారు. ఆ మోడల్‌ది లేకపోతే లేతు మీద కర్రతో తిప్పించుకుంటారు. దాన్ని ప్లేటు గుండా పైలట్ బేరింగులోకి దూర్చి, ప్రెషర్ ప్లేటు బిగించి, అప్పుడు లాగేస్తారు. ఫింగర్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో స్కేలుతోనో, వంచిన తీగతోనో కొలుస్తారు. కంపెనీ గేజి చేసే పని ఆ తీగ చేస్తుంది. తేడా ఏమైనా ఉందంటే అది పట్టుకున్న చేతిలోనే ఉంది.

చివరి అంచె కలపడం. ముందు సగం వెనక్కి దొర్లుతుంది, షాఫ్టు పళ్లు ప్లేటు నడిమి పళ్లలోకి దూరాలి. దూరవు. "ఒరేయ్, కొంచెం తిప్పరా... చాలు, చాలు" అని మేస్త్రి అంటుంటే కుర్రాడు ఫ్లైవీలును పన్ను పన్నుగా తిప్పుతాడు. డ్యూయల్ క్లచ్ అయితే ఇంకొకడు వెనక పీటీవో షాఫ్టును చేత్తో కదుపుతాడు. జాకీ పావు చుట్టు ఎక్కుతుంది, అర చుట్టు దిగుతుంది. రెండు మొహాల మధ్య సందు పైనా కిందా ఒకటిగా ఉందో లేదో వేలు పెట్టి చూస్తారు. ఓపిక చాలనివాడు ఇక్కడే బోల్టులు వేసి బలవంతంగా లాగేస్తాడు. అప్పుడు ప్లేటు నడుము వంగుతుంది, ఒక్కోసారి బెల్ హౌసింగు చెవే పగులుతుంది. అన్నీ కుదిరితే రెండు సగాలూ చేతి తోపుకే కలిసిపోతాయి, బోల్టులు కేవలం పట్టి ఉంచడానికే. చేయి తిరిగిన మేస్త్రి, ఇద్దరు కుర్రాళ్లు, సామాను చేతిలో ఉంటే పొద్దున మొదలెట్టిన పని దీపాల వేళకు అయిపోతుంది.

ఈ విద్య విలువ ఎక్కడుందంటే, కౌలుకి నాలుగెకరాలు చేసుకునేవాడు కొత్త ట్రాక్టరు కొనలేడు. అతని దమ్ము చేసేది ముప్ఫై ఏళ్ల కిందటి మాసీయో మహీంద్రాయో. అది బతికి ఉండటానికి దాని పోత ఇనుము ఎంత కారణమో, ఊళ్లో దాన్ని విడగొట్టి కలపగలిగిన మనిషీ అంతే కారణం. ఇప్పుడు ఆ షెడ్లలో పని నేర్చుకునే కుర్రాళ్లు తగ్గుతున్నారు. ఐటీఐల్లో ట్రాక్టర్ మెకానిక్ అనే ట్రేడు ఉంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో 1983 నుంచి కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది. పుస్తకం చదువుకున్న ఆ పిల్లలు ఒక సీజను డెల్టా మేస్త్రి పక్కన నిలబడితే, మేస్త్రి చేతిలోని కొలత రాతలోకి ఎక్కుతుంది. ఆ పనికి ఎవరైనా పూనుకోవాలి.

రైతులు చేయగలిగింది వెంటనే ఉంది. చాలా మోడళ్లలో బెల్ హౌసింగు రంధ్రానికి ఒక బిరడా వస్తుంది. దమ్ముకి దిగేముందు దాన్ని బిగించండి, దమ్ము అయిన రోజే తీసేయండి. లేకపోతే లోపలి నీరు బయటకు పోదు, కారే నూనె కంటికి కనబడదు. క్లచ్ మార్పించినప్పుడు పాత ప్లేటు చూపించమని, అది ఎందుకు పోయిందో చెప్పమని మేస్త్రిని అడగండి. ఇరుసు దగ్గర చెక్కలు బిగించాకే బోల్టులు విప్పమని కూడా చెప్పండి.