‘వర్ణపటం’ చెప్పని మెట్టు: ఎక్స్-కిరణ శోషణం, తెలుగు పరిభాష

తాండూరు నాపరాయిలో కాల్షియం ప్రధానం. వికారాబాదు అనంతగిరి కొండల మీది ఎర్రని లాటరైటులో ఇనుము ఎక్కువ. ఈ రెండు రాళ్లనూ ఎక్స్-కిరణాలతో పరీక్షించేవారు రెండు వేర్వేరు ప్రశ్నలు అడగవచ్చు. ఏ మూలకం ఎంత ఉంది? అది ఏ రసాయనిక స్థితిలో ఉంది? సున్నపురాయి మీద ఆధారపడిన సిమెంటు పరిశ్రమకు నిత్యం కావలసింది మొదటి ప్రశ్నకు జవాబు. ముడిపదార్థాల పాళ్లు తేల్చడానికి ఎక్స్-కిరణ ప్రతిదీప్తి యంత్రం చాలు. లాటరైటులోని ఇనుము ఫెర్రస్ రూపంలో ఉందా, ఫెర్రిక్ రూపంలో ఉందా అన్నది రెండవ తరహా ప్రశ్న. రెండింటినీ ‘వర్ణపట విశ్లేషణ’ అనే ఒకే మాట కింద చేర్చడంలో తెలుగు పరిభాషకున్న ఇబ్బంది బయటపడుతుంది.

‘వర్ణపటం’ కంటికి కనిపించే కాంతి కోసం పుట్టిన మాట. తరగతిలో ఉద్గార వర్ణపటానికి మెరిసే గీతలు, శోషణ వర్ణపటానికి అవే స్థానాల్లో నల్లగీతలు ఉదాహరణలు. సూర్యకాంతికి సరిపోయే ఈ నిర్వచనం ఎక్స్-కిరణాల దగ్గర చెల్లదు. ఇనుము వెలువరించే ముఖ్యమైన కె-ఆల్ఫా గీత సుమారు 6,404 ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద ఉంటుంది. కానీ ఆ స్థానంలో నల్లగీత కనిపించదు. పరమాణువు లోపలి కక్ష్యలన్నీ నిండి ఉండడంతో అట్టడుగు ఎలక్ట్రానుకు పక్క కక్ష్యలో చోటు దొరకదు. అది ఖాళీగా ఉన్న పై స్థాయిలకో, పరమాణువు వెలుపలికో పోవాలి. అందుకు దాదాపు 7,112 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. అక్కడ శోషణం ఒక్కసారిగా మెట్టులా లేస్తుంది. దీన్ని ‘శోషణ అంచు’ అనడం ఆంగ్లానికి నకలు మాత్రమే. చీర అంచు, గట్టు అంచు అన్నప్పుడు తెలుగువారికి తోచేది ముగింపు. ఇక్కడ జరిగేది ఆరంభం. ‘శోషణ మెట్టు’ అంటే గ్రాఫు కళ్లకు కడుతుంది.

ఫెర్రస్ స్థితి నుంచి ఫెర్రిక్ స్థితికి మారితే ఆ మెట్టు కొద్ది ఎలక్ట్రాన్ వోల్టులే జరుగుతుంది. ఏడువేలలో ఆ కొద్దిపాటి తేడాను పట్టడానికే ఇండోర్‌లోని ఇండస్-2 వంటి సింక్రోట్రాన్‌లో సమయం కోసం పరిశోధకులు దరఖాస్తు చేసుకుంటారు. అది 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల యంత్రం. దీనికి ప్రత్యామ్నాయంగా వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సైడ్లర్ బృందం 2014లో ఒక ప్రయోగశాల పరికరాన్ని వివరించింది. ఎక్స్-కిరణ గొట్టం, గోళాకారంగా వంచిన స్ఫటికం, శోధకం ఒకే వృత్తం మీద ఉంటాయి. శోషణం, ఉద్గారం రెండింటినీ దానితో కొలవవచ్చు. నిజానికి సింక్రోట్రాన్‌లు రాకముందు ఈ పని ప్రయోగశాలల్లోనే సాగేది.

‘చవక’ అనే విశేషణాన్ని ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. సింక్రోట్రాన్‌తో పోలిస్తేనే ఇది చవక. డిగ్రీ కళాశాల సులభంగా కొనగల వస్తువు కాదు. ‘చవకబారు’ అన్న నింద కూడా దీనికి తగదు. గొట్టం నుంచి వచ్చే కిరణాలు పలుచన కనుక కొలతకు గంటలు పట్టవచ్చు, మూలకం అతి స్వల్పంగా ఉన్న నమూనాలకు అది చాలదు. అయితే లాటరైటులో ఇనుముకు కొదవ లేదు. నాపరాయి సంగతే కష్టం. కాల్షియం మెట్టు 4,038 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే ఉంది. అంత తక్కువ శక్తి గల కిరణాలను దారిలోని గాలే చాలావరకు మింగేస్తుంది. కిరణమార్గాన్ని హీలియంతో నింపాలి. అంటే ఒకే జిల్లాలోని రెండు రాళ్లకు ఒకే పరికరం ఒకేలా అందుబాటులో ఉండదు. ధర ఒక్కటే చెప్పే పరికర పరిచయాల్లో ఈ తేడాకు చోటుండదు.