వేలికి తెలిసేది

కడుపు క్యాన్సర్ అని తేలగానే ఇంటివాళ్లు ఇప్పుడు ముందుగా అడిగేది, ‘రోబోతో చేస్తారా, కోసి చేస్తారా?’ అని. సర్జన్‌గా ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోను. పొట్ట మీద నిలువునా జానెడు కోత పడినవాళ్లు మర్నాడు దగ్గడానికి ఎంత అవస్థ పడతారో వార్డులో చూస్తూనే ఉంటాను. కానీ అంతకన్నా ముందు అడగాల్సింది ఒకటుంది: లింఫ్ గ్రంథులు ఎంతవరకు తీస్తారు?

1881 జనవరిలో వియన్నాలో థియోడార్ బిల్‌రోత్ క్యాన్సర్ పట్టిన జీర్ణాశయ భాగాన్ని తీసేసి రోగిని బతికించాడు. నాలుగు నెలలకే జబ్బు తిరగబెట్టి ఆమె చనిపోయింది. గడ్డను తీస్తే సరిపోదు. చుట్టూ రక్తనాళాలను అంటిపెట్టుకున్న గ్రంథులూ రావాలి; కనీసం 16 పరీక్షకు వెళ్తేనే జబ్బు ఏ దశలో ఉందో నమ్మకంగా చెప్పగలం. నెదర్లాండ్స్‌లో రోగులను 15 ఏళ్లు గమనించారు. గ్రంథుల్ని విస్తారంగా తీసినవాళ్లలో ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు 37 శాతం, దగ్గరివి మాత్రమే తీసినవాళ్లలో 48 శాతం.

అసలు కష్టమంతా క్లోమం పైఅంచు దగ్గర. కాలేయానికి పోయే ధమని, ప్లీహానికి పోయే ధమని అక్కడ పసుప్పచ్చటి కొవ్వులో మునిగి ఉంటాయి. ఆ కొవ్వును ధమని మీంచి ఒలిచి తీయాలి. క్లోమం నలిగితే దాని రసం కారి లోపల చీము పట్టే ప్రమాదం. రోబో బాగా అక్కరకొచ్చేది ఇక్కడే. కన్సోల్ ముందు కూర్చుంటే ఆ చోటంతా పది రెట్లు పెద్దదై, లోతు సహా కనిపిస్తుంది. పరికరం కొన మణికట్టులా తిరుగుతుంది, చేతి వణుకు అక్కడిదాకా చేరదు. అయితే చాలా రోబోల్లో స్పర్శ తెలియదు. దారం ఎంత బిగిసిందో కంటితోనే పసిగట్టాలి. పొట్ట కోసి చేసే ఓపెన్ ఆపరేషన్‌లో గడ్డ వెనక్కి వేలు పోనిస్తే అది కదులుతోందో, క్లోమానికి అతుక్కుపోయిందో ఇట్టే తెలుస్తుంది. శిక్షణకు కొత్తగా చేరే యువ సర్జన్లకు రోబో కన్నా ముందు ఆ వేలి తెలివి అబ్బాలని పట్టుబడతాను.

కొరియాలో తొలిదశ రోగుల మీద జరిగిన పెద్ద పరిశీలనలో, ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు లాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చూస్తూ, రోబో లేకుండా చేసేది) 94.2 శాతం, ఓపెన్‌లో 93.3. అక్కడే 2016లో రోబోను లాపరోస్కోపీతో పోల్చి చూస్తే ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు ఇంచుమించు ఒకటే. సమయం, ఖర్చు మాత్రం పెరిగాయి.

గడ్డ పెద్దదై పక్క అవయవాలను పట్టుకుంటే నేను ఓపెన్ చేస్తానంటాను. తొలిదశ అయితే చిన్న రంధ్రాలు చాలు, రోబో అయినా లాపరోస్కోపీ అయినా. రోబో కోసం పొలం అమ్ముతామన్నవాళ్లను మాత్రం ఆపుతాను. ఆ డబ్బుతో ఇంకా చాలా పని ఉంటుంది: ముదిరిన జబ్బుకు ఆపరేషన్‌కు ముందూ వెనకా కీమో, రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెంగా పెట్టే బలమైన తిండి, కడుపు మొత్తం తీసేస్తే జీవితాంతం బి12 ఇంజెక్షన్లు.