కైసరు – సీజరు – కైసర్-ఇ-హింద్

వావిలాల వాసుదేవశాస్త్రి షేక్స్పియర్ నాటకాన్ని ‘సీజరు చరిత్రము’గా తెనిగించినది 1870ల దశకంలో. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియా రాణిని ‘కైసర్-ఇ-హింద్’గా ప్రకటించారు. సీజరు హత్య, సీజరు బిరుదు ఒకే దశకంలో మన ముందుకు వచ్చాయి! మత్తయి 22లో మనం చదివే ‘కైసరు’ కూడా ఆ పేరే.

1599 నాటి ఈ నాటకాన్ని రాజహత్యకు సమర్థనగా చదవడం తొందరపాటని మేము భావిస్తున్నాము. సీజరు ఇంకా నేరమేమీ చేయలేదని బ్రూటస్ రెండవ అంకంలో తనలో తానే ఒప్పుకుంటాడు. రేపు క్రూరుడు కావచ్చునన్న భయంతోనే చంపుతాడు. మూడవ అంకంలో అతని ప్రసంగం విన్న జనం, ఇతడే సీజరు కావాలని కేకలు వేస్తారు. కళాశాలల్లో ఆంటొనీ ప్రసంగాన్ని కంఠస్థం చేయిస్తారు గాని, ఈ కేకను దాటిపోతారు. కైసరును గూర్చి ప్రసంగించే కాపరి సింహాసనం మీది వానినే గాక, ఈ జనాన్నీ లెక్కలోనికి తీసుకోవాలి. కొద్దిసేపటికే ఆంటొనీ మాట విని, వారే బ్రూటస్ ఇంటిని తగులబెట్టడానికి బయలుదేరుతారు.